తెర మీద లేని పేర్లు

స్త్రీల హక్కుల గురించి రాసే పత్రికలో వీడియో గేముల మీద సంపాదకీయం ఏమిటని మీలో చాలామందికి అనిపించవచ్చు. కొద్ది నెలల క్రితమైతే నాకూ అలాగే అనిపించేది. మనకు రాయాల్సిన విషయాలకు కొరత లేదు. గృహహింస కేసులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉన్నాయి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు గౌరవ వేతనం పేరుతో చాకిరీ చేస్తూనే ఉన్నారు. ఇన్ని ఉండగా పిల్లలాడుకునే ఆటల గొడవ మనకెందుకు?

కారణం మా చెల్లెలి కూతురు. హైదరాబాదులో ఒక యానిమేషన్ సంస్థలో పనిచేస్తోంది. విదేశీ కంపెనీలు తయారుచేసే ఆటలకు కావలసిన బొమ్మలు, అంటే ఇళ్ళు, చెట్లు, బట్టలు, కత్తులు, ఇక్కడ గీసి పంపిస్తారు. పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు తను పనిచేసిన ఆటను టీవీలో పెట్టి చూపించింది. ఆట చివర సినిమాలో లాగే పేర్లు వచ్చాయి. పావుగంట సేపు వస్తూనే ఉన్నాయి. "నీ పేరేదే?" అని అడిగాను. "మా పేర్లు వెయ్యరు పెద్దమ్మా. మా కంపెనీ పేరొక్కటే వేస్తారు. అదీ ఒక్కోసారి ఉండదు. చేరేటప్పుడే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు" అంది, మామూలుగా. రెండేళ్ళు రాత్రీ పగలూ చేసిన పని అది. తనకు లేని బాధ నాకు కలిగింది. నా ముఖం చూసి, "జపాన్‌లో కూడా మొదట్లో ఇంతే పెద్దమ్మా" అని కొన్ని సంగతులు చెప్పింది. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి మరికొన్ని. ఈ సంపాదకీయం వాటి గురించి.

వీడియో గేములు అనగానే మనం పిల్లల చదువులు పాడవుతున్నాయని మాట్లాడతాం, లేదా హింస గురించి మాట్లాడతాం. అదొక పరిశ్రమ అనీ, అందులో కార్మికులున్నారనీ, వారిలో స్త్రీలున్నారనీ ఆలోచించం. ఈ పరిశ్రమకు ఇవాళ్టి రూపం ఇచ్చిన దేశాల్లో జపాన్‌ది ముందువరస. 1978లో టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను పార్లర్లలోకి తెచ్చింది. 1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. అదే ఏడాది జపాన్‌లో నింటెండో కంపెనీ టీవీకి తగిలించి ఆడే 'ఫ్యామికామ్' అనే యంత్రాన్ని అమ్మడం మొదలుపెట్టింది. 1985లో దాన్ని అమెరికాకు తీసుకెళ్ళి, పడిపోయిన మార్కెట్‌ను మళ్ళీ నిలబెట్టింది. ఆ ఏడాదే వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' 4 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 1994లో సోనీ ప్లేస్టేషన్ వచ్చింది. 2000లో వచ్చిన రెండో ప్లేస్టేషన్ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 1990లలో మన మధ్యతరగతి ఇళ్ళల్లోకి వచ్చిన చవక ఆట యంత్రాలు మీకు గుర్తుండే ఉంటాయి. అవన్నీ ఆ ఫ్యామికామ్‌కు నకళ్ళే. మా అబ్బాయి వాటి మీద మారియో ఆడుతుంటే "టీవీ కట్టెయ్" అని అరవడమే తప్ప, ఆ తెర మీద ఏముందో నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత జపాన్‌కు గడ్డుకాలం వచ్చింది. 2005 తర్వాత ఆటల తయారీ ఖర్చు విపరీతంగా పెరిగింది. అమెరికా, యూరప్ కంపెనీలు ముందుకు వచ్చాయి. జపాన్ కంపెనీలు చాలావరకు తమ దేశపు సెల్‌ఫోన్ ఆటలవైపు మళ్ళాయి. జపాన్ ఆటల పని అయిపోయిందని వారిలో వారే అనుకునే పరిస్థితి వచ్చింది. అయితే 2017లో నింటెండో 'స్విచ్' అనే యంత్రంతో మళ్ళీ నిలదొక్కుకుంది. అదీ 15 కోట్లు దాటింది. 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' ప్రపంచమంతటా 2 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. టీవీకి తగిలించి ఆడే యంత్రాలు తయారుచేసే మూడు పెద్ద కంపెనీల్లో రెండు ఇవాళ్టికీ జపాన్‌వే. ఇతర దేశాలవాళ్ళు తయారుచేసే ఆటల మీద కూడా జపాన్ ముద్ర ఉంది. 2020లో ప్రపంచమంతా ఆడిన చైనా ఆట 'గెన్షిన్ ఇంపాక్ట్' బొమ్మలు జపాన్ శైలిలో ఉంటాయి. 2025లో పేరు తెచ్చుకున్న ఫ్రెంచి ఆట 'క్లెయిర్ ఆబ్‌స్క్యూర్' తయారుచేసినవాళ్ళు జపాన్ ఆటలే తమకు స్ఫూర్తి అని బాహాటంగా చెప్పుకున్నారు. అంటే ప్రపంచ మార్కెట్‌లో జపాన్ ఆటల ప్రాధాన్యం గతించిన విషయం కాదు.

ఈ విజయగాథను వ్యాపార పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. వాటిలో నాలుగైదు మగపేర్లే మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. మనం వేరే ప్రశ్న వేయాలి. ఈ ప్రాధాన్యాన్ని నిర్మించినవాళ్ళు ఎవరు? అది ఎవరి పేరు మీద చలామణి అయింది?

1986లో కొనామి కంపెనీ 'కాజిల్‌వేనియా' అనే ఆట తెచ్చింది. డ్రాక్యులా కథ. దాని సంగీతాన్ని ఇవాళ్టికీ కచేరీల్లో వాయిస్తారు. విదేశాలకు వెళ్ళిన ఆ ఆట చివర సంగీతకర్త పేరు 'జేమ్స్ బనానా' అని వేశారు. డ్రాక్యులా సినిమాలకు సంగీతం చేసిన జేమ్స్ బెర్నార్డ్ పేరు మీద వేసిన జోకు అది. నిజానికి ఆ సంగీతంలో అధిక భాగం చేసింది కినుయో యమషిత అనే యువతి. కొనామిలో కొత్తగా చేరిన ఉద్యోగిని. ఏళ్ళ తరబడి ప్రపంచానికి తెలిసింది ఒక మగ జోకరు పేరు.

ఇదొక్కటే కాదు. కాప్‌కామ్ కంపెనీ 1987లో తెచ్చిన 'రాక్‌మన్'కు సంగీతం చేసిన మనామి మత్సుమయె పేరు కూడా ఒక ముద్దుపేరుగానే పడింది. మన నగరాల్లో కూడా కుర్రవాళ్ళు పార్లర్లలో గుంపులుగా ఆడిన 'స్ట్రీట్ ఫైటర్ 2' 1991లో వచ్చింది. దానికి ఎక్కువ భాగం సంగీతం చేసింది యోకో షిమొమురా. అప్పటి కాప్‌కామ్ సంగీత విభాగంలో స్త్రీలే అధికంగా ఉండేవారు. సెగా కంపెనీలో రియెకో కొదమ 1984లో చేరి, 1987లో 'ఫాంటసీ స్టార్' అనే ఆటకు ప్రాణం పోశారు. అన్నను చంపినవారి మీద తిరగబడే అమ్మాయి దాని కథానాయిక. తెర మీద ఆమె పేరు 'ఫీనిక్స్ రియె'. 2022 మే నెలలో ఆమె చనిపోతే ఆ సంగతి ఆటలాడేవాళ్ళకు అక్టోబరులో తెలిసింది. అదీ ఒక యంత్రంలో చివర వేసిన పేర్ల మధ్య కనిపించిన నివాళి వాక్యం వల్ల.

న్యాయంగా చెప్పుకోవాలి. ఈ దొంగపేర్లు స్త్రీలకు మాత్రమే పెట్టినవి కావు. మంచి పనివాళ్ళను పోటీ కంపెనీలు ఎగరేసుకుపోతాయన్న భయంతో అప్పట్లో కంపెనీలు మగవాళ్ళకూ అలాగే పెట్టేవి. కానీ ఒకే నియమం అందరి మీదా ఒకేలా పనిచేయదని మనకు అనుభవమే. మగవాడి పేరు తెర మీద లేకపోయినా ఏదో ఒక మగవాడు చేసి ఉంటాడని లోకం అనుకుంటుంది. స్త్రీ పేరు లేకపోతే అక్కడ స్త్రీ ఉందన్న సంగతే మాయమవుతుంది. నర్సాపురం లేసు మనకు తెలియని విషయం కాదు. ప్రపంచ మార్కెట్‌కు వెళ్ళే సరుకును అల్లిన వేలాది స్త్రీలను వ్యాపారులూ ప్రభుత్వమూ 'ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణులు' అన్నారని మరియా మీస్ 1982లో పుస్తకం రాసి చూపించారు. దారం వేరు, తెర వేరు. శ్రమను కనిపించకుండా చేసే పద్ధతి ఒకటే.

ఆ స్త్రీలు పనిచేసిన కాలంలో జపాన్ చట్టం ఎలా ఉందో కూడా చూడాలి. ఉద్యోగాల్లో స్త్రీ పురుషులకు సమాన అవకాశాల చట్టాన్ని 1985లో ఆమోదించి 1986 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. నియామకాల్లోనూ పదోన్నతుల్లోనూ వివక్ష లేకుండా యజమానులు 'ప్రయత్నించాలి' అని మాత్రమే అందులో ఉంది. ప్రయత్నించకపోతే శిక్ష లేదు. కంపెనీలు వెంటనే దారి కనిపెట్టాయి. ఉద్యోగాలను రెండు దారులుగా విడదీశాయి. ఒకటి పై అధికారుల హోదాకు చేరేది, రెండోది గుమాస్తా పనికే పరిమితమయ్యేది. మొదటి దారిలో మగవాళ్ళు, రెండో దారిలో స్త్రీలు. చట్ట ప్రకారం అది వివక్ష కాదు, దారుల తేడా! వివక్షను స్పష్టంగా నిషేధిస్తూ, లైంగిక వేధింపుల నివారణ బాధ్యతను యజమానుల మీద పెడుతూ 1997లో ఆ చట్టాన్ని సవరించారు. మన సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది కూడా 1997లోనే. చట్టం దానంతటదే రాలేదని, అక్కడా ఇక్కడా స్త్రీలు కొట్లాడితేనే వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు.

ఇక తెర మీద స్త్రీ ఎలా ఉంది? మారియో ఆటలో రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోతాడు, వీరుడు విడిపించుకొస్తాడు. మనకు తెలిసిన కథే. 2005లో ఆ రాకుమారినే కథానాయికగా పెట్టి ఒక ఆట తెచ్చారు. అందులో ఆమె శక్తులేమిటంటే సంతోషం, కోపం, ఏడుపు, శాంతం! మగవాడికి ఆయుధాలు, ఆడదానికి ఉద్వేగాలు. 1986లో వచ్చిన 'మెట్రాయిడ్' మరో ఉదాహరణ. ఆట పొడుగునా ఇనుప కవచంలో పోరాడిన వీరుడు స్త్రీ అని చివర తెలుస్తుంది. ఎంత మంచి ఆలోచన! కానీ ఆట ఎంత తొందరగా పూర్తిచేస్తే ఆమె ఒంటి మీద బట్టలు అంత తక్కువగా చూపించారు. ఆమె వీరత్వం ఆడిన కుర్రవాడికి బహుమతిగా మారిపోయింది.

దీనికంటే దారుణమైనవీ ఉన్నాయి. 2006లో జపాన్‌లో ఒక కంపెనీ స్త్రీల మీద అత్యాచారాన్నే ఆట వస్తువుగా చేసి అమ్మింది. అది జపాన్‌లో అమ్మడానికే చేసినదైనా విదేశాలకూ చేరింది. 2009లో ఒక పెద్ద అమెరికన్ అమ్మకపు సంస్థ దాన్ని తన జాబితా నుంచి తీసేసింది. 'ఈక్వాలిటీ నౌ' అనే అంతర్జాతీయ స్త్రీల హక్కుల సంస్థ ప్రచారోద్యమం నడిపింది. చివరికి అటువంటి ఆటలు తయారుచేయరాదని ఆ ఏడాదే జపాన్‌లోని సంబంధిత పరిశ్రమ సంఘం నిర్ణయించింది. ఇందులో మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. ప్రపంచ మార్కెట్ ఒక ఆటను సరిహద్దులు దాటించినప్పుడు, దాన్ని ప్రశ్నించే హక్కు కూడా సరిహద్దులు దాటుతుంది. "మా దేశపు వ్యవహారం" అనే మాట అక్కడ చెల్లలేదు.

ఇదంతా చదివి జపాన్ ఆటలన్నీ స్త్రీ వ్యతిరేకమని తేల్చేస్తే మనం పొరబడ్డట్టే. 1980లో 'ప్యాక్‌మన్' తయారుచేసిన తోరు ఇవతాని, పార్లర్లు మగవాళ్ళ అడ్డాలుగా ఉన్నాయని, స్త్రీలు కూడా రావాలన్న ఉద్దేశంతోనే చంపుకోవడాలు లేకుండా తిండి చుట్టూ ఆ ఆటను అల్లానని చెప్పాడు. ఆడవాళ్ళంటే తిండి అనుకోవడంలో ఉన్న మూస సంగతి పక్కన పెడితే, స్త్రీలను లెక్కలోకి తీసుకున్నందువల్ల ఆట చెడిపోలేదు, ప్రపంచాన్ని గెలిచింది. కొయె కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన కెయికో ఎరికావా స్త్రీలతో ఒక బృందాన్ని ఏర్పాటు చేశారు. వారు 1994లో 'యాంజెలీక్' అనే ఆట తెచ్చారు. అమ్మాయిల కోసం కథలు చెప్పే ఆటలు ఒక కొత్త శాఖగా మొదలైంది దానితోనే. అవి ఎక్కువగా ప్రేమకథలే. వాటి మీద మనకు అభ్యంతరాలు ఉండవచ్చు. కానీ స్త్రీలు ఆడరు అన్న వాదనను అవి పడగొట్టాయి.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది అయా క్యొగొకు అనుభవం. తాను ఈ రంగంలోకి వచ్చినప్పుడు బృందంలో తానొక్కతే స్త్రీగా ఉండటం మామూలేనని ఆమె చెప్పారు. 2012లో 'యానిమల్ క్రాసింగ్ న్యూ లీఫ్' దర్శకుల్లో ఆమె ఒకరు. ఆ బృందంలో స్త్రీలు, పురుషులు దాదాపు సమానం. అనేక రకాల మనుషులు కలిసి ఆలోచించినందువల్లే అన్ని రకాల మనుషులకూ నచ్చే ఆట తయారైందని 2014లో అమెరికాలో జరిగిన సదస్సులో ఆమె వివరించారు. 2020లో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో వచ్చిన 'న్యూ హొరైజన్స్'కు ఆమె దర్శకురాలు. చంపడం లేదు, గెలవడం లేదు. చెట్లు నాటుకోవడం, ఇరుగుపొరుగుతో మాట్లాడుకోవడమే ఆట. 4 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. జపాన్ ఆటలు మళ్ళీ ప్రపంచ మార్కెట్‌లో నిలబడటానికి కారణాలు వెతికేవాళ్ళు ఈ సంగతిని కూడా లెక్కలో వేసుకోవాలి.

యోకో షిమొమురా సంగతికి మళ్ళీ వస్తాను. 1988లో ఒసాకాలో సంగీత కళాశాల చదువు పూర్తిచేసి పియానో టీచరు అవుతుందనుకున్న అమ్మాయి ఆటల కంపెనీలో చేరితే ఇంట్లోవాళ్ళు బాధపడ్డారు. అంత ఖర్చుపెట్టి చదివించింది ఇందుకా అనుకున్నారు. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశదేశాల క్రీడాకారులు నడిచి వస్తుంటే జపాన్ వీడియో గేముల సంగీతం వాయించారు. అందులో ఆమె స్వరపరచినవీ ఉన్నాయి. దేశం తన ఘనతగా లోకానికి వినిపించుకున్నది ఒకప్పుడు చిన్నచూపు చూసిన ఆ పనినే. అయితే అదే ఒలింపిక్స్ నిర్వాహక సంఘం అధ్యక్షుడు యొషిరో మోరి ఆ ఫిబ్రవరిలోనే, సమావేశాల్లో స్త్రీలుంటే మాటలతో కాలయాపన అవుతుందనే అర్థం వచ్చేలా మాట్లాడి, నిరసనలు వెల్లువెత్తాక రాజీనామా చేయాల్సి వచ్చింది. స్త్రీల శ్రమ కావాలి, స్త్రీల మాట అక్కరలేదు. ఇంతకంటే స్పష్టంగా ఈ సంగతి నేను చెప్పలేను.

ఇది జపాన్ జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో పెద్ద ఆటల కంపెనీ అయిన యాక్టివిజన్ బ్లిజార్డ్ మీద, స్త్రీ ఉద్యోగుల పట్ల వివక్ష, వేధింపుల ఆరోపణలతో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగం 2021లో దావా వేసింది. ఉద్యోగులు పని ఆపి బయటికొచ్చి నిరసన తెలిపారు. 2023 చివర సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ప్రపంచ ఆర్థిక వేదిక 2025లో 148 దేశాల్లో స్త్రీ పురుష అంతరాలను లెక్కవేస్తే జపాన్ 118వ స్థానంలో ఉంది. మనం 131లో ఉన్నాం. వేలు చూపించే అర్హత మనకు ఎక్కువ లేదు.

ఇప్పుడు మా చెల్లెలి కూతురి దగ్గరికి వద్దాం. హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ వేలాది యువతీ యువకులు విదేశీ ఆటలకు పనిచేస్తున్నారు. మన సంఘాలకు వాళ్ళు దూరం. చదువుకున్నవాళ్ళు, జీతాలు వస్తాయి, వాళ్ళకేం కష్టమని మనం అనుకుంటాం. వాళ్ళూ మనల్ని వెతుక్కుంటూ రారు. 1986లో కినుయో యమషితకు జరిగింది ఇవాళ మన పిల్లలకు ఇంకో రూపంలో జరుగుతోంది. అప్పుడు ఆ పేరు కంపెనీ లోపలే చెరిగిపోయింది. ఇప్పుడు కాంట్రాక్టు కాగితం మీద, దేశం దాటే లోపు చెరిగిపోతోంది. పేరు అంటే కీర్తి కోసం కాదు. ఫలానా పని నేను చేశానని చూపించుకోలేకపోతే రేపు ఇంకో ఉద్యోగం అడగలేదు. జీతం పెంచమని అడగలేదు. పెళ్ళయి, పిల్లలు పుట్టి రెండేళ్ళు ఆగితే అంతకుముందు చేసిన పనికి సాక్ష్యమే ఉండదు. పేరు స్త్రీకి ఆస్తిలాంటిది.

మన సంఘాలు చేయగలిగినవి కొన్ని నాకు తోస్తున్నాయి. 10 మందీ అంతకంటే ఎక్కువమందీ పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. యానిమేషన్, గేమ్ సంస్థల్లో అది ఉందా, అందులో బయటి సభ్యురాలు ఎవరు అని అడగండి. ఆ బయటి సభ్యురాలు మనలో ఒకరు కావచ్చు. రాత్రి వేళ పనిచేయించుకునే సంస్థ ఇంటికి చేర్చే ఏర్పాటు చేస్తోందో లేదో కనుక్కోండి. ఉద్యోగంలో చేరే అమ్మాయిలకు కాంట్రాక్టు చదివి అర్థం చెప్పే న్యాయవాదులు మన దగ్గర ఉన్నారు. నెలకో ఆదివారం వాళ్ళకోసం కేటాయిద్దాం. పేరు వేయాలన్న షరతును కూడా కాంట్రాక్టులో అడగవచ్చని ముందు వాళ్ళకు తెలియాలి. ఇక ఇళ్ళల్లో పిల్లలు ఆడే ఆటను ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. అందులో ఆడపిల్ల ఏం చేస్తోందో అడగండి. "టీవీ కట్టెయ్" అనడం కంటే అది మేలు.

చివరగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈ సంపాదకీయం రాస్తూ మా పాత సంచికలు తిరగేశాను. సంపాదకవర్గం పేర్లు ప్రతిసారీ ఉన్నాయి. అక్షరాలు కూర్చిన అమ్మాయి పేరు, ప్రూఫులు దిద్దినవారి పేర్లు, కట్టలు కట్టి పోస్టు చేసే మా ఆఫీసు అక్క పేరు ఒక్క సంచికలోనూ లేవు. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరికీ తోచలేదు. జపాన్ కంపెనీల గురించి ఇంత రాసిన నేను దీన్ని వదిలేయలేను. ఈ సంచిక నుంచి ఆ పేర్లన్నీ చివరి పేజీలో ఉంటాయి. మీ సంస్థల నివేదికల్లోనూ, కరపత్రాల్లోనూ ఎవరి పేర్లు లేవో ఒకసారి చూసుకుని మాకు రాయండి.